సున్నా టిక్కెట్టు

పదకొండేళ్లు
ముత్తుకూరు రోడ్డు రొయ్యల ఫ్యాక్టరీలో
టైం ఆఫీసు నాది.
పేరే పెద్దది. ఒక బల్ల, ఒక ఫ్యాను, రెండు రిజిష్టర్లు.
నీలం అట్టది తనిఖీకొచ్చే సారు కోసం,
ఎర్ర అట్టది మేనేజరు సొరుగు కోసం.

నీలందాంట్లో
వచ్చింది ఎనిమిది, పోయింది ఐదు.
ఐదు కింద డిటో, డిటో కింద డిటో,
పేజీ నిండా రొయ్యమీసాలు.
నా చేతిరాత ముత్యాలని అందరూ అనేవాళ్లు.

లోపల హాల్లో నూట నలభై మంది
ఐసునీళ్లల్లో చేతులు ముంచి
వనామీ తలలు తుంచతా ఉండేవాళ్లు.
లోడు దిగిందంటే ఐదు లేదు, ఏడు లేదు,
కంటెయినరు తలుపు పడినప్పుడే పొద్దు గూకినట్టు.
వేళ్ల కొసల్లో తోలు తెల్లగా ఉబ్బి, గీతలు చెరిగి
మిషను మీద వేలు పెడితే
"మళ్లీ ప్రయత్నించండి" అనేది అది.
నాలుగు నెలలకి ఆ మిషన్నీ మూలన పెట్టించారు.
మళ్లీ నా పెన్నే.

చట్టం కూడా ఉంది మా దగ్గర, లేదనకూడదు.
ఫ్రేము కట్టించి, తెలుగులోనే,
గమ్‌బూట్ల అలమర వెనక.
బూట్ల కోసం వంగినోళ్లకి
"రెట్టింపు" అనే మాట దాకా కనపడేది.
ఏది రెట్టింపో, ఎన్ని గంటలు దాటితేనో
అలమర తిననిస్తేగా!
ఇరవై రోజుల పనికి
ఒక రోజు జీతంతో సెలవన్న లైను ఇంకా కింద.

అంకమ్మ బిడ్డకి డెంగీ వచ్చి
పెద్దాస్పత్రిలో నాలుగు రోజులు.
నాలుగు రోజుల కూలీ కోశాం.
కోశాం అంటున్నా.
కోసింది నేనే.

లేబరాఫీసులో వాయిదా నాడు
ఆఫీసరు అడిగాడు,
"ఎక్కువ గంటలు చేయించారనేదానికి ఆధారం ఏందమ్మా?"
మేనేజరు నా నీలం రిజిష్టరు బల్ల మీద పరిచాడు.
ఎంత అందంగా ఉందో.

మస్తానమ్మ క్యారియరు మూత తీసింది.
పైగిన్నెలో కూర లేదు.
బస్సు టిక్కెట్లు.
ప్యాకింగు రబ్బరుబ్యాండ్లు వేసి నెలకొక కట్ట.
ఆడోళ్లకి ఫ్రీ బస్సొచ్చినప్పటి నించీ
కండక్టరు కొట్టి చేతిలో పెట్టే సున్నా టిక్కెట్లు.
ఎక్కింది ముత్తుకూరు. దిగేది నెల్లూరు.
ఛార్జి సున్నా.
టైము, రాత్రి ఎనిమిదీ నలభై ఏడు.
తొమ్మిదీ ఇరవై.
పదీ ఐదు.
ఎనిమిదీ యాభై రెండు.
ఒక్క డిటో లేదు.

"డబ్బుల్లేని టిక్కెట్టు గదా సారూ,
దిగంగానే పారేస్తారు అందరూ.
ఊరికే ఇచ్చిందాన్ని ఊరికే పారెయ్యడం దేనికిలే అని
దాచిపెట్టుండా."

కొన్ని వెలిసిపోయినయ్యి.
ఆఫీసరు ట్యూబులైటు కింద పట్టి చూశాడు,
తెల్లకాయితం.
మేనేజరు నవ్వాడు.
ఆమె నవ్వలేదు, ఏడవలేదు,
వెలిసినవి ఒక పక్కకి, వెలవనివి ఒక పక్కకి
తల వేరు, ఒళ్లు వేరు చేసినట్టు
గబగబా ఏరతా కూర్చుంది.

"ఇది నీ రాతేనా?" ఆఫీసరు నా వైపు తిరిగాడు.
నాదే అన్నాను.
రాత నాది, ఐదు నాది కాదన్నాను.
ఎర్రది ఇంకోటుందన్నాను.
పక్కన ఎవరో మాట్లాడుతున్నట్టు
వినపడింది నాకు నా గొంతే.

కేసు పందొమ్మిదో తేదీకి పడింది.
నా ఉద్యోగం అంత దాకా ఆగలేదు,
మెట్లు దిగతుంటేనే ఫోనొచ్చింది.

బస్సులో కూర్చున్నాక తట్టింది.
పదకొండేళ్లు ఆఖరి తాళం వేసింది నేను.
నీలందాంట్లో గానీ ఎర్రదాంట్లో గానీ
నా పేరే లేదు.

కండక్టరు టిక్కెట్టు కొట్టాడు.
మగోణ్ణి, ముప్పై రూపాయలు.
టైము ఆరూ పన్నెండు.
నలిపి కిటికీలోంచి పారెయ్యబోయి
మడిచి లోపలిజేబులో పెట్టుకున్నా,
ఎండ తగలని వైపు.